మా అత్త టీలో చిన్న గుట్ట

నేను టీ మీద రీసెర్చి చేస్తున్నానంటే మా బంధువుల్లో ఒక్కరు కూడా నమ్మలేదు. "టీ తాగటానికి కూడా యూనివర్సిటీకి పోవాలా ఏంది?" అని కనిగిరిలో పక్కింటివాళ్ళు మా నాన్నని అడిగారట. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నా చదువు సంగతి ఎవరు ఎత్తినా, ప్రసంగం మొదలుపెట్టే పాస్టరు గారిలా గొంతు సవరించుకునేవాడు. "పానీయాల్లోనూ మొక్కల్లోనూ ఉండే ఆల్కలాయిడ్లను విద్యుత్తు సాయంతో కనిపెట్టడం" అని ఒక్క గుక్కలో చెప్పేవాడు. అడిగినవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను గుంటూరులో మా మేనత్త ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో యూనివర్సిటీకి వెళ్ళొచ్చేదాన్ని. టీ, కాఫీ, నల్ల కూల్‌డ్రింకు, టీ ఆకు, కాఫీ గింజ, వీటిలో కెఫీన్ ఎంతుందో కొలవడం నా పని. మొద్దు నిద్ర వదిలించి మనల్ని కూర్చోబెట్టేది ఆ కెఫీనే. కొలిచే పరికరాన్ని సగం కొన్నారు, మిగతా సగం మేమే తయారు చేసుకోవాలి. మేం తయారు చేసుకునే భాగం పేరు ఎలక్ట్రోడ్. గ్రాఫైటు పొడిలో పారఫిన్ నూనె పోసి, కల్వంలో మెత్తగా నూరి, ఆ నల్లటి ముద్దను సన్నటి గాజు గొట్టంలో కూరి, వెనకనుంచి రాగితీగ గుచ్చితే ఎలక్ట్రోడ్ అయినట్టే.

"పచ్చడి నూరడం వచ్చినవాళ్ళకే ఈ ముద్ద కుదురుతుందమ్మా" అని మా గైడు గారు ఆ పని ఎప్పుడూ ఆడపిల్లలకే అప్పగించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో రోలు తప్పించుకుందామనే కదా నేను పీహెచ్‌డీలో చేరింది. అయినా చెప్పొద్దూ, ముద్ద మాత్రం నాకే బాగా కుదిరేది.

ఆ ఎలక్ట్రోడును టీ సారం కలిపిన ఆమ్లంలో ముంచి, వోల్టేజీ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒకచోటికి వచ్చేసరికి కెఫీన్ తన ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది. అప్పుడు కరెంటు పెరుగుతుంది, రికార్డరు పెన్ను కాగితం మీద పైకెక్కి మళ్ళీ దిగుతుంది. పుస్తకాల్లో దాన్ని పీక్ అంటారు. నేను కనిగిరి కొండ కింద పెరిగిన పిల్లని, నాకది కొండే. కొండ ఎత్తుగా ఉంటే కెఫీన్ ఎక్కువ, పొట్టిగా ఉంటే తక్కువ. వేరే పదార్థం ఏదైనా ఉంటే దాని కొండ ఇంకోచోట లేస్తుంది. నా శాస్త్రమంతా ఇంతే. మధ్యలో కరెంటు పోతే కొండ సగంలో ఆగిపోయేది. అలా సగం కొండలున్న కాగితాలు నా దగ్గర పెద్ద కట్టే పోగయ్యాయి.

మా అత్తకి మిర్చి యార్డులో టీ బంకు ఉండేది. మామయ్య అక్కడే ముఠాలో బస్తాలు మోసేవాడు. ఆయన నడుం పడిపోయి ఇంట్లో మంచానికి అతుక్కుపోయాక, ఆయన ఏళ్ళ తరబడి బస్తాలు మోసిన కమిషన్ కొట్టు గోడ పక్కనే అత్త బంకు పెట్టుకుంది. ఇంటి ఖర్చు, మామయ్య మందులు, నా అన్నం అన్నీ ఆ పొయ్యి మీదనుంచే రావాలి. నా స్కాలర్‌షిప్పు ఏ నెల వస్తుందో నాకే తెలియదు. అత్త మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో మొదటి వరసలో నిలబడి ఆమె పాట ఎత్తుకుంటే, పాట పాడించే ఆయన కూడా తన శ్రుతి వదిలేసి ఆమె శ్రుతిలోకి రావాల్సిందే. మిగతా రోజుల్లో ఆ గొంతు యార్డు అవతలి గేటుదాకా వినబడేది.

యార్డులో అడుగు పెట్టగానే కొత్తవాళ్ళు తుమ్ముతారు. పాతవాళ్ళు వాళ్ళని చూసి నవ్వుతారు. ఆ ఘాటులో పొద్దుటినుంచి బస్తాలు మోసే ముఠా కూలీలకి అత్త టీ అంటే ప్రాణం. గేటు బయట హోటలుంది, అక్కడ బల్లలున్నాయి, ఫ్యాను ఉంది. అయినా ఒక్కడూ అటు పోడు. లారీ వచ్చి నిలబడినా "ముందు అక్క టీ, తర్వాతే బస్తా" అనేవాళ్ళు. "గొంతులో దిగుతుంటే ఒంట్లో లైటు వెలుగుద్దమ్మాయ్" అని ముఠా మేస్త్రి ఒకసారి నాతో అన్నాడు. టీ మనిషిని కాబట్టి నేనూ ఒప్పుకోవాలి. అత్త ఇంట్లో కాచే టీకీ బంకులో కాచే టీకీ పోలికే లేదు. అదే పొడి, అవే పాలు, కాచే చెయ్యీ అదే. ఇంట్లో టీ మామూలు టీ. బంకు టీ తాగితే మాత్రం కళ్ళు పెద్దవయ్యేవి.

"ఏం వేస్తున్నావత్తా? అల్లమా, మిరియాలా?" అని అడిగితే, "ఏందే వేసేది, చేతి గుణం" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో కనబడే గర్వం చూడముచ్చటగా ఉండేది. ఆమెకి వేరే గర్వాలేమీ లేవు.

ఈ చేతి గుణం గోడ యజమానికి నచ్చలేదు. ఆయన కమిషన్ కొట్టు షావుకారు. రైతులు తెచ్చిన కాయల్ని అమ్మిపెట్టి కమిషన్ తీసుకుంటాడు. లారీ ఎక్కాల్సిన బస్తాలు టీ కోసం ఆగుతుంటే ఎవరికి మాత్రం కోపం రాదు? మొదట్లో నవ్వుతూనే అన్నాడు: "ఈ ఆడమనిషి టీలో నల్లమందు కలుపుతోందిరోయ్, లేకపోతే వీళ్ళెందుకు ఇట్టా పడి చస్తారు?" రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు. మూడోసారికి ఆ మాట ఆయనది కాకుండా యార్డు మాట అయిపోయింది. కాయలమ్ముకోవడానికి వచ్చిన రైతులు బంకు దగ్గరికి వచ్చి, గ్లాసులోకి తొంగిచూసి వెనక్కి తగ్గడం మొదలుపెట్టారు.

ఒక విషయం చెప్పాలి. ఆ షావుకారు మా అత్త టీ ఎన్నడూ తాగలేదు. కొట్టు గుమ్మంలోంచి చెయ్యి చాపితే బంకు అందుతుంది. ఆయనకి మాత్రం గేటు బయట హోటలునుంచి ఫ్లాస్కులో వచ్చేది. మా అత్త కడిగిన గ్లాసు ఆయన ముట్టడు. ఎందుకు ముట్టడో యార్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా ఇంట్లో కూడా అనేవాళ్ళు కాదు. నాకు దాపరికం చేతకాదు కాబట్టి ఇక్కడ అంటున్నాను. మేం ఎవరమో, ఏ పేట నుంచి వచ్చామో, అదే కారణం.

కొత్త పంట రావడానికి ముందు ఒకరోజు ఆయన నేరుగా బంకు దగ్గరికొచ్చాడట. ఆ రోజు సాయంత్రం అత్త ఆ గొడవంతా ఇద్దరి గొంతులతో నాకు ఆడి చూపించింది.

"ఏమ్మా, కొత్త కాయ దిగేలోపు బంకు ఎత్తెయ్. నల్లమందు యాపారం నా గోడ పక్కన ఒద్దు."

"నల్లమందు ఎంత ఖరీదో తెలుసా అయ్యా? అది కొనే శక్తి ఉంటే నేనీ పొగెందుకు మింగుతా?"

"ఏదో ఒకటి కలపందే ఇట్టా ఎగబడతారా?"

"మా మేనకోడలు యూనివర్సిటీలో టీ పరీక్షలే చేస్తంది. పరీక్ష చేయించి చూపిత్తా."

"నీ మేనకోడలు చెప్తే నేను నమ్మాలా? వాళ్ళ సారుని వచ్చి చెప్పమను. ఆయన చేలో కాయ నా కొట్లోనే అమ్మేది. ఆయన చెప్తే వింటా."

అది నిజమే. మా గైడు గారిది రైతు కుటుంబం, వాళ్ళ మిర్చి ఏటా ఆ కొట్టుకే వచ్చేది. అలా మా అత్త బంకు మొత్తం నా నల్ల ముద్ద మీదికి వచ్చి పడింది. బంకు పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. నేను కనిగిరి బస్సెక్కాలి, మామయ్య మందులు మానాలి. అత్త మాత్రం ధీమాగా ఉంది. "నీ మిషనుకి అబద్ధం చెప్పటం రాదుగా" అంది.

మర్నాడు ఆమె టీని గోంగూర పచ్చడి సీసాలో తెచ్చింది. బాగా కడిగాననే అంది. మూత తియ్యగానే ముందు గోంగూర పలకరించింది, ఆ తర్వాతే టీ. "పరీక్ష టీకా, గోంగూరకా అత్తా?" అని అరిచాను. "మీ చదువుకున్నోళ్ళకి అన్నీ అనుమానాలే" అని ఆమె కూడా అరిచింది. చివరికి ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన సీసా పట్టుకుని నేనే యార్డుకి వెళ్ళి టీ పట్టుకొచ్చాను.

పాలు కలిసిన టీతో పని పెద్ద తలనొప్పి. టీలో వగరుకి కారణమైన పదార్థాలు కూడా ఎలక్ట్రోడ్ మీద కొండలు లేపి అల్లరి చేస్తాయి. అందుకని కొంచెం క్షారం కలిపి, క్లోరోఫాంతో గిలక్కొట్టాలి. వగరు నీళ్ళలో ఉండిపోతుంది, కెఫీన్ క్లోరోఫాంలోకి దిగుతుంది. పాల మూలంగా మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది, అది విడిపోయేదాకా ఓపిక పట్టాలి. నాకు ఓపిక తక్కువ. ఆ రోజు మాత్రం పట్టాను.

పెన్ను కదిలింది. కెఫీన్ కొండ రావాల్సిన చోట దర్జాగా వచ్చింది. కానీ దానికి చాలా ముందే, ఏమీ ఉండకూడని చోట, ఒక చిన్న గుట్ట లేచింది.

ముద్ద పాడైందనుకుని కొత్తది నూరాను. గుట్ట లేచింది. సీసా మార్చాను. లేచింది. అదే పొడితో, అవే పాలతో ఇంట్లో కాచిన టీ తెచ్చి చూశాను. గుట్ట లేదు, నేల చదునుగా ఉంది. మళ్ళీ బంకు టీ పెట్టాను. పిలిచినట్టే వచ్చింది.

గైడు గారు కాగితాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు. "ఇదేంటమ్మా?" అన్నారు. తెలియదన్నాను. ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లగా, "నల్లమందులో ఉండే సరుకు కూడా ఇంచుమించు ఇక్కడే వస్తుందని చదివాను. పోల్చి చూద్దామంటే అది మన చేతికి రాదు, సర్కారు అనుమతి కావాలి. మీ అత్తగారిని ఒకసారి అడుగు" అన్నారు. ఆయన అపకారం చెయ్యాలని అన్న మాట కాదు. అయినా ఆ కాగితాన్ని మడిచి సంచి అడుగుకి తోసేశాను.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అడిగేశాను. తిప్పి తిప్పి అడగడం నాకు రాదు.

"అత్తా, నిజం చెప్పు. టీలో ఏమన్నా కలుపుతున్నావా?"

ఆమె వడ్డించే గరిటె ఆగిపోయింది. "నువ్వు కూడానా?" అంది.

"నేను కాదు, మిషను అడుగుతోంది. ఏదో ఉంది అత్తా అందులో. ఎవరన్నా ఏదన్నా పొడి ఇచ్చారా? మంచిదని చెప్పి..."

"ఆ షావుకారు నన్నెరగడు, ఏదో ఒకటి అంటాడు. నా చేత్తో తిన్నదానివి, నువ్వెట్టా అడిగావే?"

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. అంత గొంతున్న మనిషి ఆ మాట గొణిగింది. నా కంచంలో కూర వేసి, నాకిష్టమని రెండోసారి కూడా వేసి, వెళ్ళి మామయ్య కాళ్ళు పిసుకుతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద ప్రేమ ఒకవైపు, కాగితం మీద గుట్ట ఒకవైపు. ఆ గుట్ట మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆ కోపంతోనే మర్నాడు లాబ్‌కి వెళ్ళాను. అంతు చూడాల్సిందే అనుకుని చాలా టీ తీసుకుని, క్లోరోఫాంలోకి దింపి, వేడినీళ్ళ మీద పెట్టి క్లోరోఫాం అంతా ఎగిరిపోయేదాకా ఉంచాను. గిన్నె అడుగున పసుప్పచ్చటి మరక మిగిలింది. దాన్ని గీకి సీసాలోకి తీస్తుంటే నుదుటి మీద చెమట కారింది. మణికట్టుతో తుడుచుకోవాలని తెలుసు. వేలితోనే తుడుచుకున్నాను. ఆ వేలు కంటి కొసకి తగిలింది.

అమ్మో! కన్ను భగ్గుమంది. కుళాయి దగ్గరికి పరిగెత్తి నీళ్ళు కొట్టుకుంటూ, గంతులేస్తూ, మధ్యలో పెద్దగా నవ్వేశాను. గుంటూరు నీళ్ళు తాగినవాళ్ళకి ఆ మంటని ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. అది నల్లమందు కాదు, ఎర్రటి మిరపకాయ. మిరప కారం కూడా మొక్క ఇచ్చేదే, అదీ మా ఎలక్ట్రోడ్ మీద ఎలక్ట్రాన్లు వదులుతుంది. పైగా కారానికి నూనె అంటే ప్రీతి. పచ్చడిలో నూనె ఎర్రబడేది అందుకే. మా ముద్దలో ఉన్నది నూనే. టీలో రవ్వంత కారం ఉన్నా, అది వెతుక్కుంటూ వచ్చి ముద్దలో చేరిపోతుంది.

గైడు గారు నా ఎర్రటి కన్ను చూసి, "తిట్లు తిన్నావా ఇంట్లో?" అన్నారు. సంగతి చెబితే ఆయనా నవ్వారు గానీ, శాస్త్రం శాస్త్రమే అన్నారు. "కన్ను సాక్ష్యం చాలదమ్మా." సరే అని ఎండుమిరపకాయ సారం తీసి, ఒక చుక్క బంకు టీ సారంలో కలిపాను. గుట్ట ఉన్నచోటే పెరిగింది, పక్కకి జరగలేదు. తర్వాత క్లోరోఫాం సారాన్ని పల్చటి ఆమ్లంతో గిలక్కొట్టాను. నల్లమందు సరుకైతే ఆమ్లం నీళ్ళలోకి దూకేస్తుంది, కారం క్లోరోఫాంలోనే కూర్చుంటుంది. గుట్ట క్లోరోఫాంలోనే ఉంది, నీళ్ళలో ఏమీ లేదు. "ఇప్పుడు నమ్ముతాను" అన్నారాయన.

ఆ సాయంత్రం అత్త కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆమె మూతి ముడుచుకునే ఉంది. "కారం నేనెందుకు వేస్తానే టీలో? పిచ్చా నాకు?" అంది. మరి ఎలా వస్తోంది? యార్డు గాలిలో కారమే కదా, రేగి గిన్నెలో పడుతోందేమో అనుకున్నాను. సీసాలన్నీ సంచిలో వేసుకుని బంకు దగ్గర కూర్చున్నాను. మూత తీసి ఉంచిన నీళ్ళు పట్టాను, పాలు పట్టాను, మరుగుతున్న డికాషన్ పట్టాను, వడగట్టిన టీ పట్టాను. ముఠావాళ్ళు నా చుట్టూ చేరి, "ఏం పట్టావమ్మాయ్, దోమలా?" అని ఆటపట్టించారు. లాబ్‌లో చూస్తే నీళ్ళు చదును, పాలు చదును, డికాషన్ కూడా చదునే. వడగట్టాక మాత్రం గుట్ట లేచింది.

అంటే వడగట్టే గుడ్డ. మళ్ళీ యార్డుకి పరిగెత్తాను. "అత్తా, గుడ్డ ఎక్కడ ఆరేస్తావు?"

"ఎక్కడేందే, అదిగో" అని చెయ్యి చూపించింది. గోడవారగా షావుకారు మిర్చి టిక్కీలు పేర్చి ఉన్నాయి. కాయల్ని తొక్కి దట్టంగా కూరిన గోనె బస్తాల్ని అక్కడ టిక్కీలంటారు. గోనె కన్నాల్లోంచి ఎర్రటి పొడి రాలుతూనే ఉంటుంది. తడిగుడ్డని తెల్లగా పిండి, దులిపి, శుభ్రంగా వాటి మీద పరిచేది మా అత్త. ఎండ బాగా తగిలేది అక్కడే. వేడి టీ పోసేసరికి ఆ గుడ్డ తాను తాగిన కారమంతా గ్లాసులోకి దింపేది. యార్డు ఘాటుకి అలవాటుపడ్డ ముక్కులు మావి. గుడ్డకి అంటిన ఆ కాస్త ఘాటు మాలో ఎవరికి తెలుస్తుంది?

అత్త గుడ్డ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

"అయితే చేతి గుణం కాదన్నమాట" అంది.

బంకు కాపాడాననే సంబరంలో ఆమెకున్న ఒక్క గర్వాన్నీ పట్టుకుపోయాను. చాలా బాధ వేసింది. "పొడి మరిగించేది నీ చెయ్యే కదత్తా" అన్నాను. అదేమంత గొప్ప ఓదార్పు కాదని ఆమెకీ తెలుసు.

ఆదివారం కాని ఒక సెలవు రోజున గైడు గారు తెల్ల చొక్కా వేసుకుని యార్డుకి వచ్చారు. షావుకారు లేచి నిలబడి, కుర్చీ వేయించి, ఫ్లాస్కులోంచి టీ పోయించాడు. గైడు గారు దాన్ని తాగకుండా పక్కన పెట్టి నా కాగితాలు విప్పారు. కొండ చూపించారు, గుట్ట చూపించారు, గుడ్డ సంగతి చెప్పారు. షావుకారు చూశాడు గానీ, ఆయనకవి గీతల్లాగే కనబడ్డాయి.

"కారం అంటారా?" అన్నాడు నమ్మకం లేకుండా. "టీలో కారమేందండీ?"

"మీరే తాగి చూడండి" అన్నారు గైడు గారు. "గొంతు చివర తెలుస్తుంది. జీవితమంతా కాయ కొరికి రకం చెప్పినవాళ్ళు, మీకు తెలియదా?"

ముఠావాళ్ళు బస్తాలు దించి నిలబడ్డారు. అత్త గ్లాసు కడిగింది. మళ్ళీ కడిగింది. ఆ పాత గుడ్డలోనే టీ వడగట్టి, నింపి, బంకు బల్ల మీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు. గైడు గారు మరో గ్లాసు తీసుకుని ముందుగా తాగేశారు. ఆ క్షణంలో ఆయన పచ్చడి మాటలన్నీ నేను మాఫీ చేశాను.

షావుకారు గ్లాసు వైపు చూశాడు. తన మాట తానే నిలబెట్టుకోవాలి, లేదా వెనక్కి తీసుకోవాలి. అందరి ముందూ అడుగు వేసి, గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. కాయ రకం చెప్పేవాళ్ళు అలాగే మూస్తారు. రెండో గుక్క తాగాడు.

"కారమే" అన్నాడు. వెంటనే "నా కాయే!" అన్నాడు. అప్పుడుగానీ ఆయనకి గుడ్డ సంగతి బుర్రకెక్కలేదు. "ఏమ్మా, నా టిక్కీల మీద నీ గుడ్డలు ఆరేస్తన్నావా? ఎవర్నడిగి? తియ్యి, మళ్ళీ కనబడితే ఊరుకోను!" అని కేకలేశాడు. కేకలేస్తూనే గ్లాసు ఖాళీ చేశాడు. నల్లమందు ఊసు మాత్రం ఎత్తలేదు, బంకు ఎత్తెయ్యమనీ అనలేదు.

ఆ రోజు ఇంట్లో అత్త మామయ్యకి మళ్ళీ ఇద్దరి గొంతులతో ఆడి చూపించింది. ఆఖర్న ఆగి, "ఇన్నేళ్ళు రుచే ఎరగనోడు, అందులో నల్లమందుందని ఎట్టా చెప్పాడే?" అని నన్నడిగింది. ఆ ప్రశ్నకి ఏ ఎలక్ట్రోడూ కొండ లేపదు.

అత్త కొత్త గుడ్డ కొని, ఇంటి దగ్గర దండెం మీద ఆరేసి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. నా కాగితం మీద గుట్ట మాయమైంది. బంకు దగ్గర సందడి కూడా సన్నబడింది. ముఠావాళ్ళు రెండు గుక్కలు తాగి, "అక్కా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. కొందరు మొహమాటంగా గేటు బయటికి నడిచేవాళ్ళు. అత్త పొడి పెంచింది, పాలు పెంచింది, అల్లం వేసింది. ఏదీ పని చెయ్యలేదు. నల్లమందు మాట పోగొట్టలేని గిరాకీని నా పరీక్ష పోగొట్టింది. శుభ్రమైన ఫలితం వచ్చిందని గైడు గారు మెచ్చుకున్నారు గానీ, నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

కొత్త కాయ దిగిన రోజుల్లో నేను బంకు దగ్గర గ్లాసులు కడిగిపెడుతున్నాను. షావుకారు కొట్టులోంచి బయటికొచ్చాడు. ఈసారి ఎవరూ రమ్మనలేదు, పక్కన మా గైడు గారు లేరు, చూడ్డానికి ముఠావాళ్ళు కూడా లేరు. బల్ల ముందుకొచ్చి, ఎటో చూస్తూ "ఒక టీ ఇవ్వు" అన్నాడు.

అత్త ఇచ్చింది. చేతికే ఇచ్చింది. ఆయన చేత్తోనే తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"ఆ రోజుది కాదిది" అన్నాడు.

"కాదయ్యా" అంది అత్త. "అది కావాలంటే గుడ్డ మీ టిక్కీల మీద ఆరాలి. మీరు ఒద్దన్నారుగా."

ఆయన టిక్కీల వైపు చూశాడు. గ్లాసులోకి చూశాడు. మిగిలిన టీ కూడా తాగేశాడు, చప్పగా ఉందని పారబొయ్యలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి కొట్టులోకి తిరిగాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

"ఆరేసుకో."

అత్త నా వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అది ఘాటు వల్లనే అంది. గుడ్డని తొట్టిలో జాడించి, తెల్లగా పిండి, గట్టిగా దులిపి, ఆయన కొట్టు గుమ్మానికి ఎదురుగా ఉన్న టిక్కీ మీద నాలుగు మూలలూ లాగి పరిచింది.